తల్లి వేషం వద్దనకు

సుజాతా,

పరిషత్తు నాటికలో తల్లి వేషం ఇచ్చారని అలిగావట. ఇరవై రెండేళ్లకే తల నెరిపించుకుంటే రేపు సినిమావాళ్లు హీరోయిన్‌గా చూడరని నీ బెంగ. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు.

కన్నాంబ పేరు విన్నావో లేదో. కడపలో పుట్టి ఏలూరులో పెరిగి, చిన్న వయసులోనే నాటకాల్లోకి వచ్చింది. మైకులు లేని కాలం. పద్యమైనా ఏడుపైనా ఆఖర్న చాప మీద కూర్చున్నవాడికి ప్రతి అక్షరం వినపడాలి. 1935లో 'హరిశ్చంద్ర'లో చంద్రమతిగా తెరకెక్కినప్పుడు ఆ గొంతునే వెంట తెచ్చుకుంది. 1942లో తమిళ 'కణ్ణగి'లో ఇళంగోవన్ రాసిన బరువైన మాటలు ఈ తెలుగావిడ పలికిన తీరుకు అరవవాళ్లే జేజేలు కొట్టారు. 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ అయింది. 1954లో 'మనోహర'లో శివాజీ గణేశన్‌కు తల్లి. హీరోయిన్ రోజులు అయిపోయాయని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ తల్లిని ఎవరు చూసేవాళ్లు?

అంత దూరం ఎందుకు, వాణిశ్రీ మన నెల్లూరులో పుట్టిందే. ముందు చిన్నాచితకా వేషాలు, హాస్యం. 'ప్రేమనగర్'లో హీరోయిన్ కావడం ఆ తర్వాతి మాట. కొన్నేళ్లు సినిమాలకు దూరంగా ఉండి 1989లో తిరిగి వచ్చింది, చిరంజీవికి అత్తగా! 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు'లో ఆవిడ దర్పం చూశాక అత్త వేషం చిన్నదని ఎవరంటారు?

తల్లి అంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడమని నువ్వనుకుంటున్నట్టుంది. ఆదివారం మైపాడు రా. తెల్లవారుజామున పట్టపుపాలెం వైపు వెళ్దాం. వేటకెళ్లిన పడవ రావడం ఆలస్యమైతే అక్కడి ఆడవాళ్లు ఏడవరు. కొంగు ముడి విప్పి మళ్లీ వేస్తారు. కడిగిన తట్టనే ఇంకోసారి కడుగుతారు. పక్కనున్న పిల్లాణ్ని ఊరికే కసురుకుంటారు. చూపు మాత్రం సముద్రం మీంచి తిప్పరు. డైలాగు ఒక్కటీ ఉండదు. అది చూసొచ్చి నీ వేషంలో పెట్టు, నెరిసిన జుట్టు సంగతి నీకే గుర్తుండదు.

ఫొటోలు పంపుకోవడం, ఆడిషన్లకు తిరగడం నేను కాదనను. కానీ చేతికొచ్చిన వేషాన్ని వయసు లెక్క చూసి వదులుకోవడం నాకు నచ్చలేదు. రేపే వెళ్లి డైరెక్టరు గారికి ఒప్పుకున్నానని చెప్పు. ప్రదర్శన ఎప్పుడో తెలియగానే కబురు చెయ్యి, మీ పెద్దమ్మా నేనూ వస్తాం.

మీ పెదనాన్న,
మైపాడు