బబులోనులో నలుగురు విద్యార్థులు

దానియేలు మొదటి అధ్యాయములోని నలుగురు యౌవనులను తలంచుడి. మూడు సంవత్సరముల చదువునకై బబులోనులో ఉంచబడిరి. వారి పేళ్లే మార్చబడెను, దానియేలు బెల్తెషాజరాయెను. శోధన భోజనపు బల్లయొద్ద వచ్చెను. దానియేలు ఒప్పుకొనినట్లు నటింపలేదు, కోపపడలేదు. తన మనస్సు విప్పి అధికారితో చెప్పెను. ఆ అధికారియు రాజునకు భయపడుచున్నానని దాచక చెప్పెను. భయము బయటపడిన పిమ్మటనే పది దినముల పరీక్షకు త్రోవ దొరికెను.

మా సంఘపు చిన్నవాడొకడు యూనివర్సిటీ హాస్టలునుండి సెలవులకు వచ్చి, ఒక రాత్రి మా అరుగుమీద ఏడ్చెను. అతని యాస విని తోటివారు వెక్కిరింపు పేరొకటి పెట్టిరట. ఆ పేరు పోగొట్టుకొనుటకే త్రాగెను, త్రాగి మోటారు సైకిలు నడిపెను. లోపల ఉన్నది సిగ్గని అతనికే తెలియదు, ధైర్యమనుకొనెను. మేమైనను ప్రతి సెలవులోను అడిగినది మార్కులే! నీ ప్రాణమెట్లున్నది నాయనా అని ఒక్కసారియు అడుగలేదు.

ఈసారి అడిగితిమి. మనోవేదనగలవారికై 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ 14416 నంబరును కాగితముమీద వ్రాసి యిచ్చితిమి. బస్సెక్కుచు, “అయ్యగారూ, ఆదివారం మీకు ఫోను చేయనా?” అనెను. ఆరాధన ముగిసినది మొదలు మేము ఫోను చెంతనే కూర్చుంటిమి. రెండు గంటలకు మ్రోగెను.