ఆమెతో ఎవరు వెళ్తారు?

మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో నేడు మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. ఈ మాట పైకి అనటానికే మన ఇళ్లలో సిగ్గుపడతారు. చేతికి గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని పల్లెలోని తల్లి నెలల తరబడి దాచుకొంటుంది. తొలిదశలో ఆ గడ్డకు తరచుగా నొప్పి ఉండదు. మోసమంతా అక్కడే ఉంది.

"వైద్యం ఉచితమే కదా, ఇంకా మనం చేయవలసిందేముంది?" అని మీరు అడగవచ్చు. నిజమే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషన్ అందుతున్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు కూడా లేదు. అయితే ఖమ్మం ప్రాంతంలోని ఒక కూలి తల్లిని తలచుకోండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆమెకు దాదాపు 200 కిలోమీటర్ల దూరం. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుండి ఆరు వారాలు. రోజూ వెళ్లి రావటం కుదరదు. మిరప కోతల రోజులైతే ఆమె కూలీ, తోడు వెళ్లిన భర్త కూలీ రెండూ పోతాయి. పిల్లలకు వండిపెట్టేదెవరు? గేదెకు గడ్డి వేసేదెవరు? ఉచిత వైద్యం కూడా మధ్యలో ఆగిపోయేది ఇలాంటి చోటనే.

మనం ఆమె కోసం ప్రార్థిస్తాం, పళ్లు పట్టుకొని చూడబోతాం, చేతిలో కొంత సొమ్ము పెడతాం. మంచిదే. కాని సొమ్ము ఇచ్చినంత సులువుగా మన రోజులు ఇవ్వం. ఆమెకు కరువైనవి ఆ రోజులే. దీనిని దానమనటం నాకు ఇష్టం లేదు. మన ఇళ్లలో పురుళ్లకు, పెళ్లిళ్లకు, చావులకు ఆమె వచ్చి చాకిరీ చేసింది. అప్పుడెవరూ దానమనలేదు. ఇది మనం తీర్చవలసిన బాకీ. ఎన్నడూ మన గడప తొక్కని మనిషైతే వదిలేద్దామా? ఆమె పిల్లలకు ఆ లెక్కలు తెలియవు, ఆకలి తెలుసు.

మరొక మాట. ఆమెను అడగకుండా పూజలో పేరు చదివించకండి. ఇది అంటువ్యాధి కాదని తెలిసీ గ్లాసు వేరుగా పెట్టేవారున్నారు. కూతురి సంబంధం తప్పిపోతుందన్న భయమూ ఆమెకుంటుంది. ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం.

చాలామందికి కీమోథెరపీ మూడు వారాలకొకసారి ఉంటుంది, తేదీ ముందే తెలుస్తుంది. ఆమె సరేనంటే నాలుగు కుటుంబాలు పని పంచుకోవచ్చు. ఒక ఇంట్లో పిల్లల భోజనం, మరొకరికి గేదె సంగతి. ఆసుపత్రిలో కాగితాలు పట్టుకొని వరుసలో నిలబడటానికి చదువుకున్న కుర్రవాడొకడు. రాత్రి పక్కన పడుకోవటానికి మాత్రం ఆడతోడే కావాలి. ఈ ఆదివారం పూజ అయ్యాక ఆమె ఇంటికి వెళ్లి, మళ్లీ ఆసుపత్రికి ఎప్పుడు రమ్మన్నారో అడగండి.