లోటు ఎవరు పూడుస్తారు?

మంచికీ చెడుకీ మధ్య ఏది ఎంచుకోవాలో మనకి చిన్నప్పటినుంచీ చెపుతూనే వచ్చారు. పురాణాలు చెప్పాయి, బళ్ళో పంతుళ్ళు చెప్పారు, అమ్మమ్మలు గోరుముద్దలు పెడుతూ చెప్పారు. కాని రెండు మంచివాటి మధ్య ఒకటి ఎంచుకోవలసి వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చీరలకొట్లో రెండు చీరలు ముందేసుకుని, కొట్టువాడి ఓర్పునీ పక్కన కూర్చున్న మొగుడుగారి ఓర్పునీ పరీక్షించిన ప్రతి ఆడదానికీ ఈ అవస్థ తెలుసు. చీరయితే ఫరవాలేదు. మనసుకి ఎక్కకపోతే బీరువా అడుగున పడి ఉంటుంది. లేదా ఏ శుభకార్యానికో ఆడపడుచుకి పెట్టేస్తాం. కారు అలా కాదే! పదేళ్ళపాటు రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి "నన్నెందుకు తెచ్చావమ్మా?" అని అడుగుతుంది.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని బోధిస్తాడు. రెండూ మనిషి దగ్గరకి వస్తాయిట. వివేకం ఉన్నవాడు శ్రేయస్సుని పట్టుకుంటాడు, లేనివాడు సుఖంగా కనిపించే ప్రేయస్సు వెంట పోతాడు. వినడానికి బాగానే ఉంది. కాని ఈ మధ్య మేము రోజూ తిరగడానికి ఓ చిన్నకారు కొనబోతే నాకు పెద్ద సందేహమే వచ్చింది. రెండూ శ్రేయస్సులే అయితే నచికేతుడు ఏం చేసేవాడు?

మా నాన్నగారి రోజుల్లో ఈ బాధ లేదు. కారంటే అంబాసిడరు, కాదంటే ఫియెట్టు. డబ్బు కట్టి, పేరు నమోదు చేయించుకుని, ఏళ్ళ తరబడి కాచుకుంటే వచ్చినదే మహాప్రసాదం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక గాని మధ్యతరగతివాళ్ళు ధైర్యంగా కారు గురించి కలలు కనలేదు. ఎంచుకునే వీలు లేనిచోట అంతరాత్మకి కూడా పని ఉండదు. "దొరికింది, కొన్నాం" అంటే సరిపోయేది. ఇప్పుడలా తప్పించుకోలేం.

మాది విజయవాడ. మావారు ఆఫీసు బస్సులో వెళ్ళిపోతారు. కారు నడిపేది నేను. అమ్మాయిని కాలేజీలో దింపడం, రైతుబజారు, బ్యాంకు, వారానికి మూడుసార్లు మా అత్తగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం. అంతా కలిపి రోజుకి 20 కిలోమీటర్లు. అత్తగారికి 78 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వడపోసి వడపోసి చివరికి రెండు కార్లు మిగిల్చాం. ఒకటి వ్యాగన్ ఆర్, రెండోది టియాగో.

మొదటిది రెండోదానికంటే 14 సెంటీమీటర్లు ఎత్తు. మనకి అదొక అంకె. మోకాళ్ళు పట్టేసినవాళ్ళకి అదే లోకం. ఎత్తుకారులో సీటు కుర్చీలా ఉంటుంది. తలుపు తీసి, అలా వెనక్కి జరిగి కూర్చోవచ్చు. రెండోదాంట్లో పీటమీద కూర్చున్నట్టు ఒంగాలి, పీటమీంచి లేచినట్టు లేవాలి.

ఇక ఇంట్లో చర్చ చూడండి. మావారు కాయితం, పెన్సిలు తీసుకుని మైలేజీ లెక్కల్లో పడ్డారు. అబ్బాయికి పాటలు వినిపించే తెర ఎంత పెద్దదన్నదే ముఖ్యం. అమ్మాయి మాత్రం "భద్రతకి ఎన్ని నక్షత్రాలొచ్చాయో చూశావా అమ్మా?" అంది. అత్తగారు ఎప్పటిలాగే, "నేనింకెన్నాళ్ళుంటానురా? నాకోసం చూడకండి. మీకేది బాగుంటే అది తెచ్చుకోండి" అనేశారు.

ముందు మైలేజీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మగవాళ్ళ చర్చలన్నీ అక్కడే ఆగిపోతాయి. నెలకి 600 కిలోమీటర్లు. ఒక కారు లీటరుకి 18, ఇంకోటి 20 ఇస్తుందనుకుందాం. తేడా మూడున్నర లీటర్లు కూడా లేదు. పెట్రోలు లీటరు 110 రూపాయలు అని వేసుకున్నా నెలకి 400 దాటదు. రెండు ఆదివారాలు వాదించుకున్నది ఈ 400 గురించి! లెక్క కట్టడానికి తేలికగా ఉన్నదానికే మనం పెద్దపీట వేస్తామేమో అనిపించింది. మోకాలినొప్పిని లీటర్లలో కొలవలేం కదా.

నక్షత్రాల సంగతి అంత తేలిక కాదు. 2014లో మన దేశంలో బాగా అమ్ముడుపోయే అయిదు చిన్నకార్లని గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ పరీక్షించింది. కారుని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకట్టకేసి గుద్దిస్తారు, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకి ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. ఎయిర్‌బ్యాగులు లేని ఆ అయిదింటికీ సున్నాలే వచ్చాయి. తరవాత 2019లో వ్యాగన్ ఆర్‌కి రెండు నక్షత్రాలు, 2020లో టియాగోకి నాలుగు వచ్చాయి. 2022లో పరీక్ష కఠినం చేశారు. 2023లో మళ్ళీ పరీక్షిస్తే వ్యాగన్ ఆర్‌కి ఒకటే వచ్చింది. పేపరు కష్టమైన ఏడాది మార్కుల్నీ సులువైన ఏడాది మార్కుల్నీ పక్కపక్కన పెట్టి పిల్లల్ని తిట్టడం న్యాయం కాదని మనకి తెలుసు. 2025లో ఆ కారుకి ఆరు ఎయిర్‌బ్యాగులు కూడా పెట్టారు. అయినా మొదటిసారి ఇద్దరూ రాసింది ఇంచుమించు ఒకే పేపరు కాబట్టి, రెండుకీ నాలుగుకీ ఉన్న తేడాని తీసిపారెయ్యలేకపోయాను.

పైగా ఆ బొమ్మ ఎవరో తెలుసా? మగవాడు! 1976లో అమెరికాలో తయారైన కొలత. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. స్టీరింగుకి దగ్గరగా జరిగి కూర్చుంటే గాని కాళ్ళందని మనలాంటివాళ్ళ కొలత కాదది. వర్జీనియా విశ్వవిద్యాలయంవాళ్ళు 2019లో ప్రకటించిన పరిశోధనలో, బెల్టు పెట్టుకున్నా కూడా, ఎదురుగా గుద్దుకున్న ప్రమాదాల్లో ఆడవాళ్ళు తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్ళకంటే 73 శాతం ఎక్కువని తేలింది. మా కారులో రోజూ కూర్చునేది ముగ్గురు ఆడవాళ్ళం. ఇది చదివాక కారు గట్టిదనాన్ని తేలిగ్గా తీసుకోవడం నావల్ల కాలేదు.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. మోకాలినొప్పి రోజూ ఉండేది, తప్పనిది, చిన్నది. ప్రమాదం ఎప్పుడో వచ్చేది, రాకపోవచ్చు కూడా, కాని వస్తే చాలా పెద్దది. ఈ రెంటినీ ఏ తక్కెడలో తూస్తాం?

"ఏదైనా తలరాత" అనేవాళ్ళకి ఈ బెంగ లేదు. "ప్రాణం కంటే ఏముంది?" అనేవాళ్ళకీ లేదు. కాని ఆ రెండో మాట కూడా నాకు పూర్తిగా నచ్చదు. ప్రాణం కంటే ఏమీ లేకపోతే ఎవరూ ఇల్లు కదలకూడదు. కారెక్కడం కష్టమైతే మా అత్తగారు ఏం చేస్తారో నాకు తెలుసు. ముందు గుడి మానేస్తారు. తరవాత చెల్లెలింటికి వెళ్ళడం మానేస్తారు. ఆఖరికి "ఇంట్లోనే వ్యాయామం చేసుకుంటాలేమ్మా" అంటారు. అలా వీధిగుమ్మం దాటడం మానేసిన పెద్దవాళ్ళని మీరూ చూసే ఉంటారు. వాళ్ళకి రోడ్డుప్రమాదం ఏదీ రాదు నిజమే. దాన్ని క్షేమమని అందామా?

"నాకోసం చూడకండి" అన్న మాటని మాత్రం నేను ఓటుగా లెక్కపెట్టలేదు. జీవితమంతా తన వాటా తగ్గించుకోవడం అలవాటైనవాళ్ళు అలాగే అంటారు. ఆ మాట పట్టుకుని "ఆవిడే వద్దన్నారుగా" అనడం ఆవిడ మంచితనాన్ని మన వీలుకి వాడుకోవడమే.

ఆలోచించగా ఆలోచించగా నాకొక దారి కనిపించింది. ఏ కారులో సుగుణాలు ఎక్కువ అని లెక్కపెట్టడం మాని, ఏ కారులోని లోటుని నేను నా చేత్తో పూడ్చగలను అని అడిగాను. కారు బలహీనంగా ఉంటే దాన్ని గట్టిపరచడం నావల్ల కాదు. సీటు కిందకి ఉంటే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ముందుసీటు పూర్తిగా వెనక్కి జరిపి, ఆవిణ్ణి మొదట పక్కకి కూర్చోనిచ్చి, తరవాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పించాలి. సీటుమీద పాత పట్టుచీర ముక్క వేస్తే ఒళ్ళు సులువుగా తిరుగుతుంది. ఆవిడ సర్దుకున్నాక దాన్ని లాగేసి బెల్టు పెట్టాలి. దిగేటప్పుడు చెయ్యి అందించాలి. ఎక్కేటప్పుడు రెండు నిమిషాలు, దిగేటప్పుడు రెండు నిమిషాలు.

అంచేత మేము టియాగోయే కొన్నాం. కాని అక్కడితో ధర్మం తీరిపోలేదు. ఎంచుకున్న రోజునే ఆ నాలుగు నిమిషాలు నేను అత్తగారికి బాకీ పడ్డాను. వెనక లారీ హారను మోగిస్తున్నా, అమ్మాయికి కాలేజీ టైమవుతున్నా, నాకు ఒంట్లో బాగాలేకపోయినా ఆ బాకీ తీర్చవలసిందే. "త్వరగా ఎక్కండి అత్తయ్యగారూ" అని ఒక్కసారి విసుక్కున్నానా, నా ఎంపిక ఖర్చు ఆవిడ నెత్తిన వేసినట్టే. మావారికీ ఈ మాట చెప్పాను. ఆదివారాలు తలుపు దగ్గర నిలబడే వంతు ఆయనది.

ఇదే సబబు, అందరూ ఇలాగే చెయ్యాలి అనడం లేదు. చెయ్యి అందించే మనిషి లేని ఇంట్లో, ఒంటరిగా తిరిగే పెద్దావిడకి ఎత్తుకారే సరైనది కావచ్చు. అక్కడ ఆ లోటు పూడ్చేవాళ్ళు లేరు కదా. కొనే రోజున ఆ ఏడాది పరీక్షల ఫలితాలు చూసుకోవడం మాత్రం మరిచిపోకండి, అవి మారుతూ ఉంటాయి.

ఇంకొక్క సంగతి. మన ఇళ్ళల్లో వస్తువుని ఎంచుకునేది ఒకరు, దాని లోటు భరించేది ఇంకొకరు. వంటగట్టు ఎంత ఎత్తుండాలో మేస్త్రీ చెపుతాడు, నడుం నొప్పి మనకొస్తుంది. తెల్లటి నేలరాళ్ళు ఇంటాయనకి ముచ్చట, వాటిమీది మరకలు మన ముచ్చట. కాబట్టి ఈసారి మీ ఇంట్లో ఏది కొన్నా, ధరా మైలేజీ అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడండి: "దీని లోటు ఎవరు పూడుస్తారు?" దానికి "అమ్మ చూసుకుంటుందిలే" అని జవాబు వస్తే, ఎంచుకునే పని కూడా అమ్మకే వదిలెయ్యమనండి. రంగుతో సహా!