తలరాతా, తల మురికా?

చిన్న డీవీ టేపులు బీరువా అడుగున దాచుకున్న ఇళ్ళు నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఇంకా ఉన్నాయి. 1995లో వచ్చిన ఆ టేపుల మీదే తర్వాతి పదేళ్ళ పెళ్ళిళ్ళు, బతుకమ్మలు ఎన్నో. ఇప్పుడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే బొమ్మ బాగానే ఆడుతుంది. నాయనమ్మ పాట మాత్రం మధ్యలో తెగిపోతుంది. "పోయిన మనిషి గొంతు కూడా పోయింది, మన రాత!" అనేస్తాం.

అంత తొందరెందుకు? ఆ చోటునే మళ్ళీ ఆడించి చూడండి. ఈసారి ఇంకోచోట తెగితే తప్పు టేపుది కాదు. హెడ్‌కు పట్టిన మురికిదో, వైరుదో, కంప్యూటర్‌దో. క్లీనింగ్ టేపు కొద్ది సెకన్లు తిప్పితే సరిపోవచ్చు. ప్రతిసారీ అక్కడే తెగితే, తీసిన కెమెరాలోనే పెట్టి చూడండి. ఒక కెమెరా రాసిన రాత మరో కెమెరా చదవలేకపోవచ్చు. హెడ్ అంటే తలే కదా! తల తుడవకుండా తలరాత అనడం న్యాయమా?

అన్నీ చేశాక కూడా ఖాళీ మిగిలితే? బొమ్మ చెడితే యంత్రం అంతకుముందు బొమ్మలోని ముక్క తెచ్చి అతికేస్తుంది. మాట బాగా చెడితే మాత్రం మౌనం వహిస్తుంది. ఈరోజుల్లో ఆ గొంతునే అనుకరించి పూడ్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. పూడ్చుకోవచ్చా? నన్నడిగితే వద్దు. నాయనమ్మ పాడనిది పాడిందని రేపు మనవరాలు నమ్ముతుంది.

ప్రయత్నం మిగిలి ఉండగా రాతను తిట్టకూడదు. ప్రయత్నం అయిపోయాక లేనిదాన్ని ఉన్నట్టు చూపకూడదు. అయినా బతుకమ్మ పాటను ఒకరు అంటే పదిమంది అందుకుంటారు. ఆ ఖాళీ దగ్గర మీరే అందుకోండి.