పొలిమేర ధర్మము

కొల్లిపర ప్రాంతమున కృష్ణ దాటి యావలి యొడ్డునకు కూలికి పోవువానిని నీ చదువేమి, నీ పత్రమేది యని యడుగువారు లేరు. ఆ కూలివాడే సముద్రము దాటదలచినచో పత్రముమీద పత్రము చూపవలయును. ఇది యన్యాయమని యనజాలము. ఇంటికి తలుపుండుట సహజమే. కాని యుద్ధమువలన చెడిన దేశమునకు పొట్టకూటికై పోవువానిని స్వదేశ ప్రభుత్వమే యాపవచ్చునా? ఆపినచో వానియెడ దానికి గల బాధ్యత యేమి? ఇది విచారింపదగిన ప్రశ్న.

ఈ సమస్య తెలుగువారికి క్రొత్తది గాదు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది జనులు రంగూనునకు పోయి రేవులలో బరువులు మోసిరి. బియ్యపు మిల్లులలో పాటుపడిరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరుచేయబడినది. 1941లో రాకపోకలను కట్టుదిట్టము చేయు నొడంబడిక కుదిరినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. 1942లో లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు నడచి స్వదేశము చేరవచ్చిరి. వేలకొలది దారిలోనే మడిసిరి. ఆ దారులలో సైతము తెల్లవారి కొకటి, నల్లవారి కొకటి యను భేదము పాటింపబడెను. మృత్యువు తరుముచున్నప్పుడును మనుష్యుని తరగతి చూచి త్రోవ చూపుట పొలిమేర చేయగల ఘోరములలో నొకటి.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినవి. కడప, గోదావరి ప్రాంతముల పనివారు పలువు రచ్చట నుండిరి. భారతీయు లనేకులు ఇరాకు మీదుగా జోర్డాను చేరి యెడారి గుడారములలో వేచియుండిరి. మన ప్రభుత్వము లక్షకు పైబడిన జనమును అమ్మానునుండి విమానములలో తీసికొనివచ్చినది. పనివాని పాసుపోర్టును యజమాని తన పెట్టెలో దాచుకొనుట గల్ఫు దేశములలో తరచుగా వినబడు మాట. యజమానియే పారిపోయిన దినమున ఆ పనివాడెవ్వడు? పత్రము పోయినంతమాత్రమున మనుష్యుడు పోడుగదా!

1983 నాటి వలసల చట్టము ననుసరించి, పదవ తరగతి దాటనివారు కొన్ని దేశములకు పనికై పోవలెనన్న ప్రభుత్వానుమతి పొందవలెనని నియమ మేర్పడినది. దళారుల మోసమునుండి కాపాడుటయే దాని యుద్దేశము. 2004లో ఇరాకునకు, 2016లో లిబియాకు పోవుటను నిషేధించిరి. మరియొక వంక, విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములోనిదే యనియు, న్యాయమైన పద్ధతి లేక దానిని హరింపరాదనియు 1978లో మేనకాగాంధీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

తెలిసి నిప్పులో దూకువానిని పట్టుకొనుట తప్పా యని కొంద రడుగుదురు. తప్పు గాదు. అయితే వాని వెనుకనున్న నిప్పును కూడ చూడవలయును. అప్పు, పంటనష్టము, ఎదిగిన బిడ్డల పెండ్లి - వీనిలో నొక్కదానినైన నిషేధము తీర్చదు. అందుచే నతడు చూడబోవువాని వీసాతో, వేరొక దేశము మీదుగా, దొంగత్రోవను పోవును. ఏ దస్తరమునందును వాని పేరుండదు. బాంబులు పడిననాడు వానిని వెదకవలెనని తెలిసినవా డుండడు. రక్షింపబూనిన నిషేధమే వానిని మరుగుపరచుచున్నది.

అట్లని సర్వమును వదలివేయుమనుట గాదు. ఎవ్వడు పోవునో వ్రాసికొనుడు. పోవుచోట నున్న యపాయమును వానికి తెలియు భాషలో చెప్పుడు. ఏ వీసా యెంతవరకు చెల్లునో బోధింపుడు. శిక్ష దళారికి వేయుడు, కూలివానికి గాదు. ఇచ్చటనే పని, చదువు కల్పింపుడు. అప్పుడు తలుపు మూయవలసిన యగత్యమే తగ్గును.

పోవు ద్వారమున కావలి యుండవచ్చును; హెచ్చరిక యుండవచ్చును. వచ్చు ద్వారమున మాత్రము తలుపుండరాదు. ఆజ్ఞ మీరి పోయినవాడైనను, పత్రము పోగొట్టుకొన్నవాడైనను, ప్రాణముతో పొలిమేర చేరినప్పుడు మొదట అన్నము పెట్టి, పిమ్మట పేరడుగుటయే నాగరికత.