ఎలిజబెత్తమ్మ ఇంటికి వచ్చిన చుట్టం



ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులు ఇస్తారు. జూన్ రెండవ వారంలో మళ్ళీ తెరిచేదాకా మన ఇళ్ళకు చుట్టాల పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. చిన్నపిల్లలతో చిక్కు లేదు. నాలుగు తాటి ముంజలు, చెట్టుకు ఒక ఉయ్యాల ఉంటే వారికి పొద్దు గడిచిపోతుంది. చిక్కంతా పదమూడేళ్ళు దాటినవారితోనే. వారు పెద్దల మధ్య కూర్చోలేరు, పిల్లలతో ఆడలేరు. ఒక మూల చేరి సెల్‌ఫోన్ పట్టుకొని ఉంటారు.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో మా విచారణలోని ఒక ఇల్లాలు నా దగ్గరకు వచ్చింది. "ఫాదర్ గారూ, మా ఆడపడుచు కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. పదిహేనేళ్ళవాడు. సినిమాకు తీసుకెళ్ళాం, బిర్యానీ వండి పెట్టాం, కొత్త చొక్కా కొన్నాం. ఎన్ని చేసినా వాడి మొహాన నవ్వు లేదు. ఇంకేం చేయాలో మీరే చెప్పండి" అంది.

ఆ పిల్లవాడు నాకు తెలుసు. అంతకు ముందు ఆదివారమే దివ్యబలిపూజ అయ్యాక వాళ్ళ అమ్మమ్మ వాడిని ఆశీర్వాదం కోసం నా దగ్గరకు తీసుకొచ్చింది. నేను వాడి భుజం తట్టి, "ఏం బాబూ, పదిలో ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగాను. వాడు తల వంచుకొని గుడి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వాడికి లెక్కలు పోయాయని తరువాత తెలిసింది. రైలు దిగినప్పటి నుండి ఇంట్లోవారు, ఇరుగుపొరుగువారు, ఆఖరికి గురువునైన నేను కూడా వాడిని అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. ఆశీర్వాదం కోసం వచ్చిన బిడ్డను నేను ప్రశ్నతో పంపివేశాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ప్రియ సహోదరులారా, మే 31న తల్లి శ్రీసభ ఒక చుట్టపుచూపును పండుగగా కొనియాడుతుంది. అదే మరియమాత ఎలిజబెత్తమ్మను దర్శించిన పండుగ. పునీత లూకా తన సువార్త మొదటి అధ్యాయంలో ఈ సంగతి వివరించాడు. మరియమ్మ వయసు ఎంతో ఆయన వ్రాయలేదు. నాటి యూదుల ఆచారాన్ని బట్టి పదమూడు, పద్నాలుగేళ్ళు ఉండవచ్చునని పండితులు అంటారు. అంటే మన ఇళ్ళకు సెలవులకు వచ్చే పిల్లల ఈడే. ఆమె నజరేతు నుండి యూదయా కొండసీమకు కొన్ని రోజుల ప్రయాణం చేసి వెళ్ళింది. ఎవరితోనూ తేలికగా చెప్పుకోలేని సంగతి ఒకటి ఆమె గుండెలో ఉంది.

అప్పుడు ఎలిజబెత్తమ్మ ఏమి చేసింది? "ఒంటరిగా ఎందుకొచ్చావు? మీ ఇంట్లో ఏమంటున్నారు? పెళ్ళెప్పుడు?" అని అడగలేదు. గుమ్మంలో మరియమ్మ వందనం వినబడగానే ఆనందంతో గొంతెత్తి ఆమెను దీవించింది. ఆమె రాక తన ఇంటికి దక్కిన భాగ్యమని చెప్పింది. దేవుడు ఆ బిడ్డలో జరిగిస్తున్న కార్యాన్ని గుర్తించింది. ఆ ఇంటి పెద్ద జెకర్యా అప్పటికి మాట పడిపోయి ఉన్నాడు. వచ్చిన పిల్లను ప్రశ్నలతో వేధించే అవకాశం ఆయనకూ లేకపోయింది!

ఇక్కడ ఒక విషయం గమనించండి. మరియమ్మ తన స్తోత్రగీతం ఆలపించింది ఎలిజబెత్తమ్మ ఇంట్లోనే. గబ్రియేలు దూత వచ్చి వెళ్ళిన నజరేతు ఇంట్లో ఆ పాట పుట్టినట్లు సువార్త చెప్పదు. దీవెన దొరికిన చోట ఆమె నోరు విప్పింది. ఆ తరువాత దాదాపు మూడు నెలలు ఆ ఇంటనే ఉంది. ఎలిజబెత్తమ్మ ఆమెకు ఏ వినోదం చూపించిందో లూకా వ్రాయలేదు. వ్రాయవలసినంత ముఖ్యమైనది దీవెన ఒక్కటే.

మన ఇంటికి వచ్చిన పిల్లలకు మనం ముందుగా ఇవ్వవలసింది కూడా అదే. "నువ్వు వచ్చావు, మా ఇల్లు నిండింది" అనే ఒక్క మాట. సినిమా, బిర్యానీ ఆ తరువాత. మార్కులు, ఒంటి రంగు, పొడవు, లావు, తోటి పిల్లలతో పోలిక ఇవేవీ మన నోట రాకూడదు. నవ్వుతూ అన్నామని మనం మరచిపోతాం. విన్న బిడ్డ మరచిపోడు.

రెండవది, వారికి మనతో పాటు పని ఇవ్వండి. ఆవకాయకు కాయలు తుడవడం, మొక్కలకు నీరు పోయడం, మరియమాత మాసంలో సాయంకాలం జపమాలకు చాపలు పరచడం వంటివి. పని ఇస్తే ఆ పిల్లలు తాము చుట్టాలమని మరచి ఇంటివారవుతారు. అయితే ఆడపిల్ల వస్తే వంటింట్లోకి, మగపిల్లవాడు వస్తే మంచం మీదికి అనే పద్ధతి వద్దు. పనీ ఆటా ఇద్దరికీ సమానమే. చెరువు, ఏరు, బావి దగ్గరకు మాత్రం పెద్దల తోడు లేకుండా పంపకండి. పట్నం పిల్లలకు మన నీటి లోతు తెలియదు. వారి తల్లిదండ్రులు మనలను నమ్మి పంపారు.

మూడవది సెల్‌ఫోన్. లాక్కుంటే పగ మిగులుతుంది. 2025 సెప్టెంబరు 7న పునీతునిగా ప్రకటింపబడిన కార్లో అకుటిస్ కథ వారికి చెప్పండి. 2006లో పదిహేనేళ్ళకే కన్నుమూసిన ఆ ఇటలీ బాలుడు కంప్యూటరు పనిలో దిట్ట. దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలు సేకరించి వెబ్‌సైటులో పెట్టాడు. వీడియో ఆటలకు మాత్రం వారానికి ఒక గంట అని తనకు తానే హద్దు పెట్టుకొన్నాడు. అయితే ఈ కథ చెప్పే ముందు మన చేతిలోని ఫోను పక్కన పెట్టాలి సుమా!

ఇక ఆ పిల్లవాడి సంగతి. నేను ఆ ఇల్లాలికి చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. దారి చూపింది వాళ్ళ అత్తగారు. ఆమెకు చూపు ఆనదు. ఒక సాయంత్రం జపమాల ముగిశాక, "నాయనా, సువార్త చదివి వినిపించు. నీ గొంతు అచ్చం మీ తాత గొంతే" అందట. వాడు చదివాడు. మరునాడు అడగకుండానే చదివాడు. రోజూ చదువు అయ్యాక అమ్మమ్మ, మనవడు అరుగు మీద కూర్చునేవారు. పరీక్ష పోయిన నాటి నుండి తనలో తాను దాచుకొన్న భయమంతా ఒకరోజు వాడు ఆమెకు చెప్పుకొన్నాడు. ఆమె బోధ చేయలేదు. తల మీద చేయి పెట్టి సిలువ గుర్తు వేసింది.

ఊరు విడిచి వెళ్ళే ఆదివారం వాడు తనంతట తానే నా దగ్గరకు వచ్చాడు. నేను క్షమించమని అడిగి, ఆశీర్వదించి పంపాను. సప్లిమెంటరీ పరీక్ష ఏమైందో ఇప్పటికీ నేను అడగలేదు. అమ్మమ్మకు ప్రతి ఆదివారం ఫోను చేస్తాడని మాత్రం తెలుసు.

ప్రార్థించుదము: ఓ మరియమాతా, పరాయి ఊరిలో ఒక గడప ముందు నిలిచిన బాలికవు నీవు. ఈ సెలవుల్లో మా గడప తొక్కే ప్రతి బిడ్డలో దేవుని కార్యాన్ని గుర్తించే ఎలిజబెత్తమ్మ మనసును మాకు దయచేయుమని నీ కుమారుని వేడుకొనుము. ఆమెన్.