సాయంకాలపు బేరము



బేరమాడుట పాపమా అను ప్రశ్న మన స్త్రీల కూటములలో తరచుగా వచ్చుచున్నది. అడుగువారు నవ్వుచునే అడుగుదురు. సంతకు వెళ్లి బేరమాడక తిరిగివచ్చినవారిని ఊరిలో అమాయకులని యందురు గదా! అయినను ఇది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదని మేము తలంచుచున్నాము. మన ఆరాధన ఆదివారమున రెండు గంటలు; మన బేరములు వారమంతయు.

మన పల్లెలవారిలో పలువురు హైదరాబాదునందలి విద్యానగర్‌ను ఆసుపత్రి మూలముగా ఎరుగుదురు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేర నున్న ఆసుపత్రికి రోగిని తీసికొనిపోయి, మందులకొరకు కనిపెట్టుకొని యుండినవారు మనలో లేకపోలేదు. అక్కడనుండి తార్నాక వైపునకు పోయినయెడల ఉస్మానియా విశ్వవిద్యాలయము వచ్చును. ఆ విశ్వవిద్యాలయపు పట్టభద్రులే 1938లో నగరములోని పబ్లిక్ గార్డెన్సునందు "నుమాయిష్ మస్నూఆతె ముల్కీ" అను ప్రదర్శనము పెట్టిరి. దేశమందు చేయబడిన వస్తువుల ప్రదర్శనమని ఆ మాటలకు అర్థము. ఏడవ నిజాము దానిని ప్రారంభించెను. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారెను. 1949లో రాజగోపాలాచారి గారు ప్రారంభించినప్పుడు దానికి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమను పేరు వచ్చెను. జనులు మాత్రము నేటికిని నుమాయిష్ అనియే పిలుచుచున్నారు. సంక్రాంతి దినములలో పట్నము వెళ్లిన మనవారు అక్కడికి వెళ్లక రారు.

ఆ ప్రదర్శనము మొదలైన యేట ఉస్మానియా ఆర్ట్సు కళాశాల రాతిభవనము ఇంకను కట్టబడుచుండెను. 1939లో అది తెరవబడెను. దాని నమూనా గీసిన బెల్జియము దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ పేరు పుస్తకములలో నున్నది. ఆ రాళ్లు చెక్కినవారి పేర్లు మేము ఎక్కడను చదువలేదు. నిర్గమకాండము 31వ అధ్యాయములో మాత్రము ప్రత్యక్షపు గుడారపు పనివారైన బెసలేలు, అహోలీయాబుల పేర్లు, వారి తండ్రుల పేర్లు, గోత్రముల పేర్లు సహితము వ్రాయబడి యున్నవి. దేవుడు పనివానిని పేరు పెట్టి పిలిచిన చోట మనము వాని సరకును ఎట్లు పిలుచుచున్నామో చూడవలెను.

అంగడిలో జరుగు బేరమును నిదానముగా గమనించుడి. కొనువాడు బొమ్మను చేతబట్టి త్రిప్పి చూచును. రంగు బాగులేదనును, పనితనము లేదనును, ఇంతకంటె మంచిది అవతలి దుకాణములో సగము వెలకే ఇచ్చుచున్నారనును. అవతల లేదని వానికిని తెలియును, అమ్ముదానికిని తెలియును. ఇంటికి పోయినపిమ్మట అదే బొమ్మను అల్మారాలో నిలిపి, వచ్చినవారికెల్ల చూపి, ఎంత చక్కని పని, ఎంత చవుకగా వచ్చెనని పొంగిపోవును. సామెతల గ్రంథము 20వ అధ్యాయము 14వ వచనములో నున్న మనుష్యుడు వీడే. ఆ మాట చదివి మనము నవ్వుకొందుము. అయితే అబద్ధసాక్ష్యమును మనుష్యుని మీదనే కాదు, వాని చేతిపని మీదను పలుకవచ్చును. ఆ సాక్ష్యమువలన ఒక కుటుంబపు రాత్రి భోజనము తగ్గిపోవును.

వెలలో ఏమి ఇమిడియున్నదో కొనువానికి కనబడదు. పోచంపల్లి ప్రాంతపు చిటికి చీరను తీసికొనుడి. మగ్గము ఎక్కుటకు ముందే నూలును ఆసు పోయవలెను. చట్రముమీది మేకుల చుట్టు దారమును చేతితో అటునిటు త్రిప్పుటయే ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు కదలవలెనని లెక్క. ఈ పని ఇంటి స్త్రీలది. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజపు నొప్పి చూడలేక, ఏండ్లతరబడి పాటుపడి, 1999లో ఆసు పోయు యంత్రమును చేసి, తల్లి పేరున దానికి లక్ష్మి ఆసుయంత్రమని పేరు పెట్టిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. యంత్రముతో ఆసు పోసినది చేనేత యెట్లగునని అడుగువారును ఉన్నారు! అట్టివారు ఒక పూట చేతితో ఆసు పోసి, తరువాత మాటలాడుట మంచిది.

ఆదిలాబాదు అడవి ప్రాంతములోని వోజులు చేయు ఇత్తడి బొమ్మలను కూడ చూడుడి. డోక్రా పని అందురు. మట్టిముద్ద మీద మైనపు తీగలు చుట్టి రూపము తెచ్చి, పైన మరల మట్టి పూసి, కాల్చుదురు. మైనము కరగి పోయిన సందులో కరగిన ఇత్తడిని పోయుదురు. బొమ్మ బయటికి రావలెనన్న మట్టి అచ్చును పగులగొట్టవలెను; గనుక ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ. అటువంటిదే అవతల తక్కువకు ఇచ్చుచున్నారను మాటకు అక్కడ అర్థమే లేదు.

నరసాపురపు లేసుపని మనకు మరింత దగ్గర సంగతి. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ స్త్రీలు గోదావరి ప్రాంతపు బీద స్త్రీలకు ఈ అల్లికను నేర్పిరి. వారి ఉద్దేశము మంచిదే. అయితే మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ లేసుపనివారి స్థితిని పరిశీలించి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. వ్యాపారులు లేసును దూరదేశములకు పంపి ధనవంతులైరి. ఇంటి చాకిరియంతయు చేసికొని, ఆ పైన గంటలకొలది అల్లిన స్త్రీకి పొలము కూలికంటెను తక్కువ వచ్చుచుండెను. హేతువేమి? ఆమె పనికి పని అను పేరే లేకపోయెను. ఇంట కూర్చున్న ఇల్లాలు తీరిక వేళ పొద్దుపుచ్చుచున్నదని చెప్పిరి. తీరికకు కూలి యెవరిత్తురు? అంగడిలో బొమ్మను చూచి పనితనము లేదనువాని మాటయు ఈ మాటయు ఒక్క తల్లి బిడ్డలే.

ఇక బేరము సంగతి. మేము బేరమును పాపమనము. వెల ఇంతయని పరలోకమునుండి దిగిరాలేదు. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి, నవ్వుచు, ఒకరి కష్టమును ఒకరు వినుచు ఒక మాటకు వచ్చుటలో దోషమేమియు లేదు. అమ్మువాడు ముందుగానే వెల పెంచి చెప్పును, కొనువాడు తగ్గించి అడుగును. అది ఇద్దరికిని తెలిసిన ఆట. దోషము ఇంకొక చోట నున్నది.

సాయంకాలము కానిచ్చి బేరమునకు వచ్చువారిని ఎరుగుదుము. బండి కట్టు వేళ, కడపటి బస్సుకు పోవలసిన వేళ, ఉదయమునుండి ఒక్క బుట్టయైనను అమ్ముడుపోని వేళ వారు వచ్చుదురు. బోణీ కాలేదని తెలిసికొని తెల్లవారగనే వచ్చి పట్టుబట్టువారును అట్టివారే. ఆదికాండము 25వ అధ్యాయములో ఏశావు పొలమునుండి అలసి వచ్చినప్పుడు యాకోబు చేసినది ఈ బేరమే. యాకోబు అబద్ధమాడలేదు, దొంగిలలేదు. ఏశావు తన నోటనే ఒప్పుకొని ప్రమాణము చేసెను. ఏశావు తన జ్యేష్ఠత్వమును తృణీకరించెనని లేఖనమే చెప్పుచున్నది. అది వాని దోషము. అయినను అన్న ఆకలిని తూచి వెల కట్టినది తమ్ముడే. అమ్మువాడు ఒప్పుకొనెను గదా అని మనము చెప్పు సమాధానము యాకోబును చెప్పగలడు.

మనమును బీదలమే గదా, అడిగినంత ఎక్కడనుండి తెత్తుమని మీరనవచ్చును. నిజమే. అయితే బీదవానికి అబద్ధముతో పనియేమి? నా యొద్ద ఇంతే యున్నదని చెప్పుడి. ఆ మాట సరకును నిందింపదు. ఇచ్చినయెడల ఆయన దయతో ఇచ్చును. లేనియెడల ఇద్దరు గౌరవముతో విడిపోవుదురు. లేవీయకాండము 25వ అధ్యాయము 14వ వచనములో నున్న ఆజ్ఞ అమ్మువానికిని కొనువానికిని ఒక్కటే. మిల్లులో అచ్చువేసిన గుడ్డను పోచంపల్లి చేనేతయని అంటగట్టువాడు, పెండ్లివారి తొందర చూచి వెల రెట్టింపు చేయువాడు ఈ వాక్యము క్రిందనే నిలువవలెను. అట్టి మోసమువలన మొదట నష్టపోవునది నిజముగా నేసినవాడే. కొనువారు వానిని సహితము నమ్మకుందురు.

మన సంఘములలో అనేకుల తాతలు తోలుపని, నేతపని, వెదురుపని చేసినవారు. ఆ దినములలో చెప్పులు కుట్టినవాడు వెల చెప్పలేదు. సంవత్సరమంతయు మోటబొక్కెనలు కుట్టి, వారులు కోసి ఇచ్చి, కళ్లమునొద్ద నిలువబడి, రైతు కొలిచిన మేర గింజలు గోనెలో పట్టుకొని వచ్చెడివాడు. తక్కువాయెనని అడుగుటకు వానికి నోరు లేదు. సంతలో గుడ్డ పరచుకొని, తాను చేసిన వస్తువును ముందు పెట్టుకొని, దీని వెల ఇంతయని చెప్పగలిగిన దినమున వాని మనుమనికి ఆ నోరు వచ్చెను. బేరమాడువారు తగ్గించునది రూపాయలు మాత్రమే కాదని మా తలంపు. గాజు తలుపుల దుకాణములో చీటిమీద అచ్చువేసిన వెలను మారుమాటాడక చెల్లించి, నేలమీద కూర్చున్న మనుష్యుడు చెప్పిన వెలను మాత్రము నమ్మకపోవుటకు కారణమేమో ఎవరికి వారు విచారించుకొనవలెను.

కోతపండుగనాడు మన గుడిముందర కానుకలను వేలము వేయుదుము. గుమ్మడికాయ, కోడిపుంజు, గింజలు, వాటి మధ్య మేదరి సహోదరుడు అల్లి తెచ్చిన చేట. ఆ చేటమీద పాట పెంచి పెంచి, సంత వెలకు పదింతలు పెట్టి కొందుము. అందరు చప్పట్లు కొట్టుదురు. అల్లిక వదులనిగాని, వెదురు పచ్చిగా నున్నదనిగాని ఆ దినమున ఒక్కరును అనరు. తరువాతి సంతనాడు ఆ సహోదరుడే అట్టి చేటలు పరచుకొని కూర్చుండును. పొద్దు వాలిన తరువాత మనవారు ఆయన యెదుట నిలిచి, వెదురు పచ్చిగా నున్నదని చెప్పుచు, పది రూపాయలు తగ్గించుమని అడుగుచుందురు.